గొంతు మాత్ర

"ఇదేంటమ్మా?"

కూతురు అరచెయ్యి చాపింది. అందులో నలిగిపోయిన మాత్రల షీటు. గుంటలన్నీ ఖాళీ.

తల్లి వాష్‌బేసిన్ ముందు నిలబడి మాస్కు తాళ్ళు ముడేసుకుంటోంది. వేళ్ళు ఆగిపోయాయి. అద్దంలోంచే కూతురి మొహం చూసి చప్పున కళ్ళు దించేసుకుంది. ఇంకేముంది, దొరికిపోయింది.

"దువ్వెన కోసం నీ సంచీలో చెయ్యి పెడితే తగిలింది. మాట్లాడవేం? నాన్నకిచ్చావా?"

"గొంతు మాత్రేగదే."

"గొంతు మాత్రా?"

"మెల్లగా. నర్సులు వింటారు."

"విననీ! దీని వెనకాల ఏం రాసుందో ఎప్పుడైనా చదివావా?"

కళ్ళద్దాల షాపులో రోజంతా జనం చేత చిన్నక్షరాలు చదివించే పిల్ల. తల్లి చదివి ఉండదని దానికి తెలుసు. "స్టెరాయిడమ్మా ఇది! ఇది తప్ప ఇంకేదైనా సరేనని వాళ్ళు నెత్తీ నోరూ బాదుకున్న మందు!"

ఆ మాట ఎక్కడో విన్నట్టే ఉంది తల్లికి. వార్డులో చేరిన రోజు ఓ నర్సు పక్కన కూర్చుని, వాడకూడని మందుల పేర్లు గడగడా చదివింది. వాటిలో ఇదీ ఉండే ఉంటుంది. "ఇవేవీ వాడట్లేదు కదా?" అంటే "లేదమ్మా" అంది తను. అబద్ధమాడలేదు. నాటకాల వాళ్ళకి గొంతు మాత్ర మందు కాదు. మొహానికి రంగు, నెత్తికి విగ్గు, గొంతుకి మాత్ర. ఆట ముందు గొంతు పట్టేస్తే ఒకటి మింగుతారు, తెర లేచేసరికి ఖంగుమంటుంది. ఆ నర్సు విగ్గుల గురించి అడిగి ఉంటే ఇదీ గుర్తొచ్చేదేమో.

ఈవిణ్ణి నాటకాల కంపెనీలో ప్రాంప్టరమ్మ అంటారు. తెర పక్క చీకట్లో స్టూలు మీద కూర్చుని, వేషగాళ్ళు మాట మర్చిపోయినప్పుడు గుసగుసగా అందించడం ఆవిడ పని. జన్మలో రంగం మీదికి ఒక్క అడుగు వెయ్యలేదు. లోపల గాజు గదిలో పడుకున్న ఆవిడ మొగుడు మహారాజు. ఆయనకి సేవకుడి వేషమిచ్చినా నడక మాత్రం రాజుదే వచ్చేది. మార్చలేక విసుగొచ్చి, చివరికి డైరెక్టర్లే కిరీటం పెట్టడం మొదలెట్టారు.

"ఎప్పటి నుంచి ఇస్తున్నావు?"

"మొన్నట్నుంచి. ఇవాళ పొద్దున కూడా..."

"ఇవాళ కూడానా!"

కూతురు గోడకి చేరగిలబడి అలాగే కిందికి జారి కూర్చుండిపోయింది. తిడుతుందనుకుంది తల్లి. తిట్టినా బాగుండేది.

"మధ్యాహ్నం పెట్టె వస్తోందమ్మా," అంది కూతురు, నేల వైపు చూస్తూ.

ఆ పెట్టె కోసం ఈ ఇల్లెంత ఎదురుచూసిందో ఆ దేవుడికే తెలియాలి. ఊపిరితిత్తిలో మొదలైన గడ్డ వెన్నులోకి పాకింది, మందులన్నీ ఒకదాని తర్వాత ఒకటి చేతులెత్తేశాయి. అప్పుడు ఈ డాక్టరమ్మ ఆ గడ్డలోంచే ఓ ముక్క తీసుకుంది. గడ్డతో పోరాడుతున్న కణాలు అందులోనే ఉంటాయట, వాటిని ఏరింది. "వీటికి పుట్టుకతోనే ఓ కళ్ళెం ఉంటుంది మహారాజుగారూ. గడ్డ ఆ కళ్ళెం పట్టుకుని ఆపేస్తోంది. కళ్ళెం తయారుచేసే జన్యువుని మేం కత్తిరించేస్తాం. తర్వాత కోట్లకి కోట్లు పెంచి, ఓ సంచీలో గడ్డకట్టించి పెట్టెలో తెప్పిస్తాం. కరిగించి మళ్ళీ మీ ఒంట్లోకే వదుల్తాం" అని చెప్పింది. అది వినగానే ఆయన లేచి కూర్చుని, "అయితే నా సైన్యమే తిరిగొస్తోందన్నమాట" అన్నాడు. అనడమంటే గాలి ఊదడమే. గడ్డ వాపు గొంతు నరాన్ని నొక్కేసి అప్పటికే మాట పోయింది.

"పోయి చెప్పేస్తాను," అంది తల్లి.

"ఎవరికి?"

"డాక్టరమ్మకి. ఇంకెవరికి?"

కూతురు తలెత్తింది. "నీకేమైనా మతి పోయిందా?"

"అదేంటే? ఇప్పటిదాకా నువ్వేగా అరిచావు?"

"ఎందుకిచ్చావని అరిచాను. చెప్పమన్నానా? చెబితే ఆపేస్తారమ్మా. పెట్టె వెనక్కి పంపేస్తారు."

"పంపనీ. ఈ మందు ఒంట్లో ఉండగా ఎక్కిస్తే ఆ కణాలు చచ్చిపోతాయా లేదా? అది చెప్పు."

"చచ్చిపోవచ్చు అని ఉంది. కొన్నైనా బతకవచ్చు కూడా."

"ఉన్నది ఒక్క సంచీయే. ఇంకో ముక్క తీసి ఇంకోసారి పెంచడానికి ఆయన ఒంట్లో ఓపికెక్కడుందే? పెట్టెలో ఉంటే గడ్డకట్టుకుని భద్రంగా ఉంటాయి. ఈ మాత్ర దిగిపోయాక ఎక్కిస్తారు."

"కణాలు భద్రంగానే ఉంటాయి. నాన్న ఉంటాడా?"

తల్లి మాస్కు తాళ్ళు వదిలేసింది.

"కొత్త కణాలకి చోటు కావాలని, ఉన్న రక్షణంతా ఊడ్చేశారు కదా. ఆ మందుకి నాన్న ఎలా అల్లాడిపోయాడో చూశావుగా. ఇవాళ ఆపితే మళ్ళీ మొదట్నుంచి ఊడవాలి. ఇంకోసారి తట్టుకోలేడని డాక్టరమ్మే చెప్పింది. నీ ముందే చెప్పింది."

"చెప్పింది."

"మరి?"

"మరి అంటే ఏం చెప్పనే? నా చేత్తో పోసిన విషాన్ని నా చేత్తోనే కప్పెట్టి ఊరుకోమంటావా?"

కూతురు లేచింది. మాత్రల షీటుని చించి చించి చెత్తడబ్బాలో వేసింది. దాని మీద తడి కాగితాలు కుక్కింది. చేతులు కడుక్కుని, తుడుచుకుని, తల్లి మాస్కు తాళ్ళు తనే ముడేసింది. బడికి పంపే పిల్లకి జడ వేసినంత జాగ్రత్తగా వేసింది.

"నువ్వేం ఇవ్వలేదు. నేనేం చూడలేదు. ఒక్కసారి, ఒక్కసారి నా మాట వినమ్మా," అంటూ ఏడ్చేసింది.

*

గాజు తలుపు మూసుకోగానే మహారాజు దుప్పటి పక్కకి తోశాడు.

"నర్సు పోయిందా?"

"పోయింది."

"విను." గొంతు సవరించుకుని మంద్ర స్వరంలో ఒక్క పలుకు పలికాడు. మెత్తగానే పలికినా గదంతా నిండింది. "చూశావా? ఎక్కడైనా వణికిందా? పొద్దున్నుంచి ఈ నర్సులందరి దగ్గరా గుసగుసలాడుతూ దాచుకుంటున్నాను. ఆటకి ముందు గొంతు ఖర్చుపెట్టకూడదు."

నెత్తి మీద వెంట్రుక లేదు. బుగ్గలు లోపలికి పోయి ముక్కు ఒక్కటే మిగిలింది. ఆ మొహంలో కళ్ళు మాత్రం, మొదటిసారి వేషం దొరికిన కుర్రాడి కళ్ళలా మెరిసిపోతున్నాయి. అందుకే కదా మాత్ర అడిగింది. సైన్యం వస్తోంది, గొంతు లేకుండా ఎదురెళ్తానా, సంచీ వేలాడదియ్యగానే నిలబడి ఓ పద్యమెత్తుకోవద్దూ అన్నాడు. ఆ మాటకి ఆవిడ మురిసిపోయి, నీళ్ళ గ్లాసు కూడా తనే అందించింది.

"ఏమండీ, ఆ మాత్ర వేసుకోకూడదట."

"ఏ మాత్ర?"

"గొంతు మాత్ర. అది ఒంట్లో ఉంటే వచ్చే కణాలు చచ్చిపోతాయట. మన పిల్ల చదివింది."

ఆయన గాజు తలుపు వైపు చూశాడు. మంచం పక్కనున్న మిషను బీప్ బీప్ మంటోంది.

"ఎవరికైనా చెప్పావా?"

"ఇంకా లేదు."

"చెప్పకు."

"ఎలా చెప్పకుండా ఉంటానండీ?"

"ఇన్నేళ్ళూ ఎలా ఉన్నావు? పుస్తకంలో లేని మాట ఒక్కటి నీ నోట వచ్చిందా? డాక్టరమ్మ వచ్చి 'కొత్త మందులేమైనా?' అంటుంది. 'లేవు' అంటాను. నేను తడబడితే నువ్వందించు. అంతవరకే నీ పని."

"ఇది నాటకం కాదు."

"నాకు తెలీదా?" ఆయన గొంతు పెరిగి, మళ్ళీ చటుక్కున తగ్గింది. "నాకు తెలీదటే? ఆ ఊడ్చే మందు ఎక్కిన రోజుల్లో నోరంతా పుండైపోయి, మంచినీళ్ళు మింగలేక నీ చెయ్యి కొరికాను. గుర్తుందా? ఇంకోసారి నా వల్ల కాదు. నాకు భయమేస్తోందే."

పెళ్ళయిన నాటి నుంచి ఆయన నోట ఆ మాట ఆవిడ వినలేదు. ఆట మధ్యలో దీపాలు పోయినా, జనం లేచిపోతున్నా భయమన్నది లేని మనిషి. గబగబా వెళ్ళి పక్కన కూర్చుని ఆయన చెయ్యి పట్టుకుంది.

"ఆ సంచీ ఒక్కటేనండీ మనకున్నది. అవి మీ కణాలు. చచ్చిన వాటిని ఎక్కించుకుని ఏం చేసుకుంటారు?"

"కొన్ని బతుకుతాయేమో."

"పిల్ల కూడా ఇదే మాటంది."

"అదీ నా కూతురంటే."

"నేనిచ్చాను కాబట్టే ఇలా అయింది. అడిగింది మీరే కావచ్చు, ఇచ్చిన చెయ్యి నాది."

"అయితే నోరు మూసుకుని ఆ పాపం భరించు," అన్నాడు, ఆవిడ చేతిలోంచి చెయ్యి లాక్కుని. "నన్ను దానికి బలిపెట్టకు."

ఆవిడ ఆయన కాళ్ళ మీదికి దుప్పటి లాగింది. ఆయన తన్నేశాడు. మళ్ళీ లాగింది. ఈసారి ఊరుకున్నాడు.

*

పెట్టె వచ్చింది. చక్రాల మీద, నడుమెత్తు స్టీలు డబ్బా. దాన్ని తోసుకొచ్చిన లాబ్ మనిషి చేతులకి మందపాటి తొడుగులున్నాయి. పక్కనే ఓ చిన్న తొట్టిలో గోరువెచ్చటి నీళ్ళు సిద్ధం చేశారు. డాక్టరమ్మ గాజు తలుపు తీసుకుని లోపలికొచ్చింది. వెనకాలే గౌను తొడుక్కున్న కూతురొచ్చి గుమ్మంలో నిలబడింది.

"మహారాజుగారూ, సైన్యం వచ్చేసింది," అంది డాక్టరమ్మ నవ్వుతూ. "మూత తీసి, సంచీని ఈ నీళ్ళల్లో ముంచుతాం. నిమిషాల్లో కరిగిపోతుంది. కరిగాక ఇంక వెనక్కి వెళ్ళడం లేదు, వెంటనే ఎక్కించెయ్యాలి. అందుకని చివరిసారి అడుగుతున్నాను. జ్వరం?"

"లేదు," అన్నాడాయన. నోట్లోంచి గాలే వచ్చింది, గొంతు రాలేదు. ఎంత నిజంలా ఊదాడంటే, ఆ గొంతు సంగతి తెలిసిన భార్యకే ఒక్క క్షణం అనుమానమొచ్చింది.

"ఆయాసం పెరిగిందా?"

"లేదు."

"మేమిచ్చినవి కాక ఇంకే మందులైనా?"

ఆయన జవాబు చెప్పలేదు. మర్చిపోయీ కాదు, తడబడీ కాదు. తల కొద్దిగా ఎడమవైపుకి తిప్పి, రంగం మీద చూసినట్టే భార్య కోసం చూశాడు. ఆ మాట ఆవిడ చేతే అనిపించాలని ఉందాయనకి. గుమ్మంలో కూతురు రెండు చేతులూ గట్టిగా కట్టుకుంది.

"ఇచ్చానండీ," అంది ప్రాంప్టరమ్మ.

"ఏంటమ్మా?"

"గొంతు కోసం మాత్ర ఇచ్చాను. స్టెరాయిడట. మొన్నట్నుంచి ఇస్తున్నాను. ఇవాళ కూడా ఇచ్చాను. నాకు తెలీక ఇచ్చాను."

డాక్టరమ్మ నవ్వు మాయమైంది. "ఆగండి," అంది లాబ్ మనిషితో.

మంచం మీంచి చిన్న దగ్గు వినబడింది. మహారాజు జాలిగా తలూపుతున్నాడు. భార్య వైపు ఎంత ప్రేమగా చూశాడో! అలాంటి చూపు కోసం జనం డబ్బులిచ్చి టిక్కెట్లు కొనేవారు.

"ఏమనుకోకండి డాక్టరమ్మా," అన్నాడు, ఒక్కో మాటకీ ఊపిరి కూడదీసుకుంటూ. "భయపడిపోతోంది, పాపం. ఇది ఎక్కితే నేను పోతానని ఎవరో చెప్పారట. ఎలాగైనా ఆపించాలని చూస్తోంది. నేనే మాత్రా వేసుకోలేదు."

"అయ్యో, ఏంటండీ మీరు..." ఆవిడ మంచం కమ్మీ పట్టుకుంది. "వేసుకున్నారు కదండీ! నీళ్ళు కూడా నేనే ఇచ్చాను కదండీ!"

"ఆ మాత్రల షీటుందా?" అనడిగింది డాక్టరమ్మ.

"అమ్మాయి చూసిందండీ. పొద్దున్నే చూసింది. అడగండి."

అందరూ గుమ్మం వైపు తిరిగారు. కూతురు తండ్రిని చూసింది. తల్లిని చూడలేదు.

"ఏ షీటు?" అంది.

"అమ్మలూ..."

"అమ్మకి కొన్నాళ్ళుగా సరిగ్గా నిద్ర లేదండీ. ఏదేదో అంటోంది. మీరు పట్టించుకోకండి."

కడుపున పుట్టిన పిల్ల. తప్పో ఒప్పో, తండ్రి బతకాలని చెప్పిన మాట. ఆ సంగతి తెలిసి కూడా ఆవిడకి అరవాలనిపించింది. ఏమని అరుస్తుంది? ఇద్దరు కాదంటున్నారు, తనొక్కతే ఔనంటోంది.

డాక్టరమ్మ నుదురు రుద్దుకుంది. "రక్తం పంపిస్తే తెలుస్తుంది. కానీ ఫలితం ఇవాళ రాదు. ఇవాళ ఎక్కకపోతే..." వాక్యం పూర్తి చెయ్యలేదు. రోగిని చూసింది, తల్లిని చూసింది, గుమ్మంలో నిలబడ్డ అమ్మాయిని చూసింది. చాలాసేపటికి లాబ్ మనిషికి తల ఊపింది.

అతను పెట్టె గొళ్ళెం తీశాడు. మూత సందులోంచి తెల్లటి పొగ బయటికి పాకింది.

ప్రాంప్టరమ్మ వెళ్ళి ఆ మూత మీద రెండు చేతులూ వేసి నొక్కేసింది.

"అమ్మా, చేతులు కాలిపోతాయి, అది మామూలు చలి కాదు," అన్నాడు లాబ్ మనిషి, కంగారుగా.

"కాలనీ నాయనా. నేను తియ్యను."

"ఆవిణ్ణి పక్కకి తీసుకెళ్ళండెవరైనా," అంది డాక్టరమ్మ. నర్సు వచ్చి భుజం పట్టుకుంది. కూతురు "అమ్మా, అమ్మా" అంటూ నడుం పట్టి లాగింది. ఆవిడ కదల్లేదు. మూత మీద చెంప కూడా ఆనించేసి కళ్ళు మూసుకుంది.

"తియ్యవే చెయ్యి!"

గది దద్దరిల్లింది. బయట నర్సుల బల్ల దగ్గరున్న వాళ్ళు కూడా తిరిగి చూశారు. ముందు వరసలో ఉలిక్కిపడి, చివరి వరసలో చప్పట్లు కొట్టే గొంతు అది. ఎక్కడా గాలి పోలేదు, ఎక్కడా బీట పడలేదు.

మహారాజు మంచం మీద సగం లేచి, వేలు చాచి ఉన్నాడు. తన గొంతు తనకే వినబడి ఆ మొహంలో, ఛీ, అంతలోనే ఓ మెరుపు కూడా మెరిసింది. మరుక్షణం తానేం చేశాడో తెలిసొచ్చింది. చెయ్యి మెల్లగా దుప్పటి మీదికి దిగింది.

నర్సు ప్రాంప్టరమ్మ భుజం వదిలేసింది.

"ఈ వాపుకి మందు పడకుండా ఆ గొంతు రాదు మహారాజుగారూ," అంది డాక్టరమ్మ, నెమ్మదిగా. కోపం లేదు ఆ మాటలో. అలసటే ఉంది. లాబ్ మనిషి వైపు తిరిగి, "మూత బిగించి వెనక్కి తీసుకెళ్ళండి. జాగ్రత్తగా దాచండి," అంది.

"మళ్ళీ ఎప్పుడండీ?" అనడిగింది తల్లి. అరచేతులు ఎర్రగా కమిలిపోయాయి. నర్సు వాటిని పట్టుకుని చూస్తోంది.

"ముందు ఆ మందు ఒంట్లోంచి దిగాలి. ఈలోగా ఏ క్రిమి సోకకుండా ఉండాలి, సోకితే పోరాడ్డానికి ఈయన ఒంట్లో ఎవరూ లేరు. ఆ తర్వాత ఇంకోసారి ఊడ్చే మందు. అప్పటికి ఈయన నిలబడి ఉంటే, నేనే ఫోన్ చేసి తెప్పిస్తాను." ఆవిడ కళ్ళల్లోకి చూస్తూనే చెప్పింది. "మాటివ్వలేను తల్లీ."

లాబ్ మనిషి పెట్టె తోశాడు. చక్రాలు కిర్రుమన్నాయి.

"ఏమే," అన్నాడు మహారాజు. ఈసారి ఊదలేదు, అరవలేదు. పెళ్ళైన కొత్తలో పిలిచినట్టు మామూలుగా పిలిచాడు. "చంపేశావే నన్ను."

ఆవిడ ఆయన దగ్గరికి ఒక అడుగేసింది. ఆయన గోడ వైపు తిరిగిపోయాడు. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. నర్సు వచ్చి ఆవిడ మోచెయ్యి పట్టుకుని, "చేతులకి మందు రాయాలి, బయటికి రండమ్మా," అంది.

గుమ్మంలో పెట్టెకి దారి కావాల్సొచ్చింది. కూతురు గోడకి అతుక్కుపోయి, చక్రాలు దాటేదాకా ఊపిరి బిగపట్టి తప్పుకుంది.

పెట్టె వెళ్ళిపోయాక మళ్ళీ గుమ్మం మధ్యకి వచ్చి నిలబడింది. కమిలిన చేతులతో తల్లి ఎదురుగా వచ్చి ఆగినా తప్పుకోలేదు.